ప్రామాణికం ఎవరి నోట? ఆధునిక హీబ్రూలో లాంఛన, నిత్య వ్యవహార ఉచ్చారణలు

1. పాఠ పరిచయం

గ్రాంథిక, వ్యావహారిక వివాదాన్ని మీరు తెలుగు భాషాచరిత్రలో చదివే ఉంటారు. గిడుగు రామమూర్తిగారి పోరాటం ప్రధానంగా రాతభాష గురించి. శిష్టులు మాట్లాడే భాషను పుస్తకంలోకి రానివ్వాలన్నది ఆయన వాదం. ఎంతటి గ్రాంథికవాది అయినా ఇంట్లోవాళ్లను భోజనానికి పిలిచేటప్పుడు గ్రాంథికంలో పిలవడు కదా! హీబ్రూలో పరిస్థితి దీనికి దాదాపు తలకిందులు. అక్కడ పుస్తకం ముందు, నోరు తరువాత. సుమారు పదిహేడు వందల ఏళ్లపాటు ఎవరికీ మాతృభాష కాకుండా ప్రార్థనల్లో, గ్రంథాల్లో, ఉత్తరాల్లో బతికిన భాషను పంతొమ్మిదో శతాబ్దం చివర మళ్లీ పిల్లల నోట పలికించారు. కాబట్టి ‘సరిగ్గా పలుకు’ అని ఒక హీబ్రూ ఉపాధ్యాయుడు అన్నప్పుడు, దేన్ని చూసి సరి అంటున్నాడు అనే ప్రశ్న వస్తుంది.

రేడియోలో, సభలో, పాఠశాలలో వినిపించే లాంఛన ఉచ్చారణే అసలైనదనీ, వీధిలో వినిపించేది దాని పాడైన రూపమనీ చాలామంది అనుకుంటారు. ఈ పాఠం ఆ అభిప్రాయాన్ని అంగీకరించదు. కారణాలు ముందుకు వెళ్లేకొద్దీ మీకే తెలుస్తాయి.

ఉదాహరణలు చదివే ముందు రెండు విషయాలు గుర్తుంచుకోండి. హీబ్రూ మాటల్లో ‘ఖ’ అని రాసినచోట వత్తు పలకకండి. ‘ఖబర్’ అనే ఉర్దూ మాటను హైదరాబాదులో ఎలా పలుకుతారో అలా, గొంతులో గాలి రాపిడితో పలకండి. రెండోది ఊనిక. మాటలో ఒక అక్షరాన్ని మిగతావాటికంటే నొక్కి పలకడమే ఊనిక. తెలుగులో దానివల్ల మాట అర్థం మారదు. హీబ్రూలో మారవచ్చు. ‘బిరా’ అనే మాటలో మొదటి అక్షరాన్ని నొక్కితే తాగే బీరు, చివరి అక్షరాన్ని నొక్కితే రాజధాని నగరం.

2. ఎంచి తెచ్చుకున్న పలుకు

ఎలియెజెర్ బెన్-యెహుదా 1881లో పాలస్తీనా చేరాడు. ఇంట్లో హీబ్రూ తప్ప మరో మాట వినిపించకూడదని పట్టుబట్టాడు. 1882లో పుట్టిన ఆయన కొడుకును ఆధునిక కాలంలో హీబ్రూ మాతృభాషగా పెరిగిన తొలి బిడ్డగా చెబుతారు. అయితే ఆ తండ్రి మాతృభాష యిద్దిష్. వయసు వచ్చాక పట్టుదలతో నేర్చిన పలుకునే బిడ్డకు అందించాడు. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతా పాఠం సులభంగా అర్థమవుతుంది.

అప్పటికి హీబ్రూను చదివే పద్ధతులు అనేకం. తూర్పు యూరప్ యూదులది ఒక పద్ధతి. మధ్యధరా తీరంలో, ఉస్మానియా సామ్రాజ్యంలో స్థిరపడిన సెఫార్ది యూదులది మరొకటి. యెమెన్, ఇరాక్ యూదులకు తమ తమ సంప్రదాయాలు వేరుగా ఉన్నాయి. విశ్రాంతి దినాన్ని తూర్పు యూరప్ వారు మొదటి అక్షరాన్ని నొక్కి ‘షాబెస్’ అంటే, సెఫార్దీలు చివరి అక్షరాన్ని నొక్కి ‘షబాత్’ అన్నారు. కొత్తగా వచ్చి స్థిరపడుతున్నవారిలో ఎక్కువమంది తూర్పు యూరప్ వారే. అయినా వారు తమ తాతల పలుకును పక్కనపెట్టి సెఫార్ది పద్ధతిని ఎంచుకున్నారు. అది ప్రాచీన పలుకుకు దగ్గరగా ఉందని నమ్మారు. యెరూషలేములో వేర్వేరు దేశాల యూదులు కలిసినప్పుడు మాట్లాడుకునే హీబ్రూకు అప్పటికే ఆ పలుకు ఉండడం కూడా ఒక కారణం.

1890లో ఏర్పడిన హీబ్రూ భాషా సంఘం ఇంకొక అడుగు ముందుకు వేసింది. డేవిడ్ యెల్లిన్ వంటి పండితుల చర్చల తరువాత, 1913 నాటికి, అరబ్బీని పోలిన తూర్పు దేశాల ఉచ్చారణ వైపు మొగ్గింది. అంటే గొంతు లోపలి భాగాన్ని బిగించి పలికే ‘అయిన్’, ‘హెత్’ అక్షరాలను వాటి వాటి ధ్వనులతో పలకాలన్నమాట. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. జబోతిన్‌స్కీ 1930లో హీబ్రూ ఉచ్చారణపై ఒక చిన్న పుస్తకం రాసి, అరబ్బీ పోలిక అక్కరలేదనీ మధ్యధరా తీరపు యూరప్ భాషల శ్రావ్యత కావాలనీ వాదించాడు. ఇద్దరూ ప్రాచీనత పేరే చెప్పారు. ఇద్దరికీ చెవిలో ఉన్నది మాత్రం తమకు నచ్చిన పొరుగువాడి పలుకు.

జరిగింది ఇంకొకటి. ప్రజలు సెఫార్దీల అచ్చులనూ ఊనికనూ తీసుకున్నారు. గొంతు మాత్రం యూరప్‌దే ఉండిపోయింది. హెత్ ధ్వని ఖ ధ్వనిలో కలిసిపోయింది. అయిన్ దాదాపు మాయమైంది. నాలుక కొన అదిరించి పలికే రేఫ స్థానంలో కొండనాలుక దగ్గర పలికే రేఫ వచ్చింది. ఈ కలయికే నేటి నిత్య వ్యవహారానికి పునాది.

3. తేడాలు ఎక్కడ వినిపిస్తాయి?

తెలుగు బైబిల్లో అబ్రాహాము, యాకోబు, రిబ్కా అన్న పేర్లు మీకు తెలిసినవే. హీబ్రూలో ఇవి అవ్‌రహామ్, యఅకోవ్, రివ్కా. మూడింటిలోనూ మన ‘బ’ ఉన్నచోట అక్కడ ‘వ’ వినిపిస్తుంది. హీబ్రూలో ‘బేత్’ అనే ఒకే అక్షరానికి సందర్భాన్ని బట్టి బ, వ అనే రెండు పలుకులు ఉన్నాయి. అలాగే ఇంకొక అక్షరానికి క, ఖ; మరొకదానికి ప, ఫ. మాట మొదట్లో స్పర్శం, అచ్చు తరువాత ఊష్మం అన్నది స్థూలంగా పాత నియమం. ముందు ఒక ప్రత్యయం చేరితే మాట మొదటి హల్లు కూడా మారాలి.

లాంఛన, నిత్య వ్యవహారాల మధ్య అతి స్పష్టమైన తేడా ఇక్కడే. టెల్ అవీవ్‌కు దగ్గరలో క్ఫార్ సబా అనే పట్టణం ఉంది. ‘క్ఫార్ సబాలో’ అని చెప్పాలంటే వార్తలు చదివేవారు ‘బిఖ్ఫార్ సవా’ అంటారు. ఆ ఊళ్లో కాపురం ఉంటున్నవారు ‘బెక్ఫార్ సబా’ అంటారు. ఒక్క ఊరి పేరులో మూడు తేడాలు! సొంత ఊరి పేరు పలకడంలో ఊరివారిది తప్పు, వార్తలు చదివేవారిది ఒప్పు అనడానికి కొంచెం ధైర్యం కావాలి. ‘యెరూషలేముకు’ అనే మాట వార్తల్లో ‘లిరుషలాయిమ్’, బస్సు స్టాండులో ‘లెయెరుషలాయిమ్’. ‘మరియు’ అనే అర్థమిచ్చే ‘వె’ కూడా ఇలాంటిదే. బ, వ, మ, ప ధ్వనుల ముందూ, అచ్చు బలం లేని హల్లు ముందూ అది ‘ఉ’గా మారాలన్నది వ్యాకరణం. వాతావరణ వార్తల్లో ‘హైఫా ఉవెఎర్ షెవా’ అని వినబడేది ఇంట్లో ‘హైఫా వె బెఎర్ షెవా’ అవుతుంది. నిత్య వ్యవహారం చేస్తున్న పని ఒక్కటే: ప్రత్యయం ఏదైనా సరే, మాటను చెక్కుచెదరకుండా ఉంచడం. వినేవాడికి ఊరి పేరు పోల్చుకోవడం తేలికవుతుంది. దీన్ని బద్ధకమని కొందరు అంటారు. భాషలో క్రమత పెరగడమని నేను అంటాను.

ఊనిక సంగతి చూడండి. ‘మీరు రాశారు’ అనడానికి పాఠ్యపుస్తకం ‘క్తవ్‌తెమ్’ అని చివరి అక్షరాన్ని నొక్కమంటుంది. మాట్లాడేవారు ‘కతావ్‌తెమ్’ అని మధ్య అక్షరాన్ని నొక్కుతారు. నేను రాశాను, నువ్వు రాశావు అనే రూపాల్లో ఎలాగూ ఊనిక అక్కడే ఉంది కనుక ఇదీ వాటి వరుసలో చేరిపోయింది. ‘ఎక్కడ’ అనే మాటకు పుస్తకంలో ఊనిక చివర, నోటిలో మొదట. మనుషుల పేర్లలో ఒక ముచ్చట ఉంది. ధర్మశాస్త్రాన్ని అందించిన మోషే పేరులో చివరి అక్షరాన్ని నొక్కుతారు. పక్కింటి మోషేను పిలిచేటప్పుడు మొదటి అక్షరాన్ని నొక్కుతారు. ఒకే పేరులో గౌరవం ఒక చివర, చనువు ఇంకో చివర ఉన్నాయి. ఇక్కడ ఏది తప్పు?

క్రియల్లో చిన్నచిన్న మార్పులు చాలా ఉన్నాయి. ‘వెలిగించాడు’ అనే ‘హిద్లిక్’ నోటిలో ‘హెద్లిక్’ అవుతుంది. ‘ఎరుగును’ అనే ‘మకీర్’ కాస్తా ‘మెకీర్’ అవుతుంది. వీటిని ఒకసారి చదివి వదిలేయండి. కానీ ఒకదాని దగ్గర ఆగాలి. ‘నేను వస్తాను’ అన్నదానికి లాంఛన రూపం ‘అని అవో’. వీధిలో వినిపించేది ‘అని యవో’. యకారంతో మొదలయ్యే ‘యవో’ నిజానికి ‘అతడు వస్తాడు’ అన్న రూపం. అందుకే ఉపాధ్యాయులకు ఇది మహాపరాధం. ‘నేను’ అని మొదలుపెట్టి ‘వస్తాడు’ అని ముగిస్తావా అని పిల్లలను మందలిస్తారు.

ఇప్పుడు మీ తెలుగు వ్యాకరణాన్ని గుర్తుచేసుకోండి. మా + అమ్మ కలిస్తే ‘మాయమ్మ’. రెండు అచ్చుల మధ్య యకారం వచ్చి చేరింది. దీన్ని మనం యడాగమం అని పేరుపెట్టి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాం. ‘అని’ చివర ఇకారం ఉంది. ‘అవో’ మొదట ఒకప్పుడు ఉన్న కంఠ్య ధ్వని అరిగిపోయింది. అచ్చు పక్కన అచ్చు మిగిలితే నడుమ యకారం దొర్లుకురావడంలో ఆశ్చర్యం ఏముంది? ఈ రూపానికి భాషాశాస్త్రజ్ఞులు చూపే కారణాల్లో ఇదొకటి. అర్థం చెడుతుందన్న వాదన కూడా నిలవదు. వీధిలో మాట్లాడేవారు ‘అని’ అనే సర్వనామాన్ని వదలకుండా పలుకుతారు కనుక వచ్చేది నేనో అతడో అన్న అనుమానం రాదు. ఒక భాషలో సంధి అయినది ఇంకొక భాషలో తప్పు కావడం ధ్వనుల స్వభావం వల్ల కాదు, తీర్పు చెప్పేవారి వల్ల.

వేగంగా మాట్లాడేటప్పుడు హకారం రాలిపోతుంది. ‘హయోమ్’ (ఈ రోజు) ‘అయోమ్’ అవుతుంది. ద్వితీయా విభక్తిలాంటి ‘ఎత్’, నిర్దేశాన్ని తెలిపే ‘హ’ కలిసి ‘త’ అయిపోతాయి. ‘ఎత్ హసెఫెర్’ (ఆ పుస్తకాన్ని) ‘తసెఫెర్’గా కుదించుకుపోతుంది. మన ‘వచ్చినాడు’ నోటిలో ‘వచ్చాడు’ అయినట్టే ఇదీ.

ఇక్కడ కాసేపు పుస్తకం మూసి, మీ ఇంట్లో మాట్లాడుకునే పది నిమిషాల తెలుగును వినండి. రాసేటప్పుడు ఉండి, పలికేటప్పుడు రాలిపోయే ధ్వనులను ఒక కాగితం మీద రాసుకోండి. శ, ష, స ఎక్కడెక్కడ ఒకటైపోయాయో కూడా చూడండి. తరువాతి భాగానికి అది పనికొస్తుంది.

4. గొంతు ధ్వనుల కథ

‘కరాతి సెఫెర్’ అని ఎవరైనా అన్నారనుకోండి. ‘ఒక పుస్తకం చదివాను’ అని అర్థం. ‘ఒక పుస్తకం చించాను’ అని కూడా అర్థం! రాతలో ఈ రెండు క్రియలూ వేరు. రెండోదానిలో అయిన్ ఉంది. ఆ ధ్వని పలికితే తేడా వినిపిస్తుంది, పలకకపోతే లేదు. ‘తో’ అనే అర్థమిచ్చే ‘ఇమ్’, ‘అయితే’ అనే అర్థమిచ్చే ‘ఇమ్’ కూడా ఇలాగే ఒకటైపోయాయి. ‘రేపు’, ‘అమ్మాడు’ అనే రెండు మాటలూ ‘మఖార్’ అనే వినిపిస్తాయి. అందుచేత అయిన్, హెత్ ధ్వనులను కాపాడుకోవాలన్న వాదానికి బలం ఉంది. కాదనను.

అయితే ఆ వాదాన్ని చివరిదాకా తీసుకువెళ్లినవారు అరుదు. హీబ్రూ లిపిలో తకారానికి రెండు అక్షరాలు, కకారానికి రెండు అక్షరాలు ఉన్నాయి. ఒకప్పుడు అవి వేర్వేరు ధ్వనులు. ద్విత్వాక్షరాలను ఒకప్పుడు బరువుగా పలికేవారు. వీటిని వార్తల్లో ఎవరూ వేరు చేసి పలకరు, పలకమని గట్టిగా అడిగినవారూ తక్కువ. అంటే లాంఛన ఉచ్చారణ కూడా పాత నియమాల్లో కొన్నిటిని ఏరుకుని మిగతావాటిని వదిలేసింది. వదలడంలో వీధికీ రేడియోకూ తేడా పరిమాణంలోనే.

ఇప్పుడు అసలు చిక్కు. అయిన్, హెత్ ధ్వనులు పుస్తకాల్లో ‘సరైనవి’గా రాసి ఉన్నాయి. వాటిని సహజంగా పలికేవారు ఎవరు? యెమెన్ నుంచి 1949, 1950 సంవత్సరాల్లో విమానాల్లో వచ్చిన సుమారు 49 వేలమంది. 1950-52 మధ్య ఇరాక్ నుంచి వచ్చిన సుమారు లక్షా ఇరవై వేలమంది. వారికి ముందే వచ్చిన వారి బంధువులు. ముఖ్యంగా యెమెన్ యూదులు మతగ్రంథ పఠనంలో ఈ తేడాలను తరతరాలుగా నిలుపుకున్నారు. భాషా సంఘం కాగితం మీద కోరినది వారి నోట దొరికింది. కానీ వారు వచ్చి చేరింది గుడారాల శిబిరాలకు, దూరపు కొత్త ఊళ్లకు, కూలి పనులకు. అందువల్ల వ్యాకరణం మెచ్చుకున్న ఆ ధ్వనే వీధిలో పేదరికానికీ, చదువులేమికీ గుర్తయింది. నకళ్లు చేసి నవ్వించేవారికి సరుకు అయింది. బడికి వెళ్లిన పిల్లలు కొద్ది ఏళ్లలోనే ఆ ధ్వనులను వదిలేశారు. తండ్రి పలుకు వ్యాకరణం ప్రకారం ఒప్పు. కొడుకు పలుకు సమాజం ప్రకారం ఒప్పు. ఒకే ఇంట్లో తండ్రీకొడుకులు రెండు రకాల ఒప్పులతో బతికారు.

ఇజ్రాయెల్ జనాభాలో సుమారు ఐదో వంతు ఉన్న అరబ్బు పౌరులకు కూడా ఇవే ధ్వనులు మాతృభాషలోనే ఉన్నాయి. వారు హీబ్రూ మాట్లాడేటప్పుడు అయిన్‌ను స్పష్టంగా పలికితే, వినేవారు దాన్ని పాండిత్యంగా కాక పరాయితనంగా లెక్కిస్తారు.

రేడియోది వేరే దారి. 1936లో యెరూషలేము నుంచి హీబ్రూ ప్రసారాలు మొదలయ్యాయి. 1948 తరువాత అవి ‘కోల్ ఇజ్రాయెల్’ అయ్యాయి. తొలి దశాబ్దాల వార్తల్లో అయిన్, హెత్ ధ్వనులూ, నాలుక కొనతో పలికే రేఫా వినిపించేవి. యూరప్ కుటుంబాల నుంచి వచ్చినవారు వీటిని సాధన చేసి నేర్చుకునేవారు. యెమెన్ మూలాలున్న మోషే హోవవ్ వంటి వార్తాచదువరులు పేరు తెచ్చుకున్నది ఆ కాలంలోనే. అంటే ఒకే ధ్వని మైకు ముందు గౌరవం, కూరగాయల బజారులో చిన్నతనం.

ఇప్పటి వార్తల్లో ఆ గొంతు ధ్వనులు దాదాపు వినిపించవు. ‘బిఖ్ఫార్ సవా’, ‘లిరుషలాయిమ్’ మాత్రం మిగిలాయి. ఈ మార్పును మీరు జాగ్రత్తగా గమనించాలి. లాంఛన ఉచ్చారణ నుంచి జారిపోయినవి కొందరికి పుట్టుకతో వచ్చిన ధ్వనులు. నిలిచినవి బడిలో, సంపాదకుడి దగ్గర నేర్చుకునే సంధి నియమాలు. ప్రాచీనతే కొలబద్ద అయితే ముందు నిలవవలసినవి ధ్వనులు. కాబట్టి కొలబద్ద ప్రాచీనత కాదు, చదువుకునే అవకాశం.

5. విమర్శకులు, రంగస్థలం, కవిత్వం

వీధి పలుకును తప్పుల పట్టికగా కాక ఒక భాషగా చూడాలన్న మాట 1950ల్లో గట్టిగా వినిపించింది. హయిమ్ రోజెన్ 1956లో ‘మన హీబ్రూ’ అనే అర్థం వచ్చే పేరుతో పుస్తకం రాశాడు. ఉన్న భాషకు వ్యాకరణం రాయాలి, ఉండవలసిన భాషకు కాదు అన్నది అతని పద్ధతి. వ్యాకరణ పండితులు మండిపడ్డారు. హయిమ్ బ్లాంక్ పత్రికా శీర్షికలో మాట్లాడే భాషను ఆదరంగా పరిశీలించాడు. గొంతు ధ్వనులున్న పలుకు, అవి లేని పలుకు అనే రెండు వ్యవహారాలను వేరు చేసి చూపాడు. నా దృష్టిలో బ్లాంక్ పరిశీలనే ఎక్కువ ఉపయోగకరం. వీధి పలుకు ఒక్కటి కాదని అతను చూశాడు. ‘మన’ హీబ్రూ అన్నప్పుడు ఆ ‘మన’లో ఎవరున్నారు అనే ప్రశ్నకు రోజెన్ పేరు పెట్టిన తీరులో చోటు తక్కువ.

రంగస్థలంలో ఈ మార్పు చెవికి తెలిసింది. మాస్కోలో పుట్టిన హబీమా నాటక సంస్థ నటుల హీబ్రూలో రష్యన్ యాస ఉండేది. గంభీరంగా, ప్రకటన చదివినట్టు పలికేవారు. 1944లో మొదలైన కామెరి నాటకశాల 1948లో మోషే షమీర్ రాసిన ‘హు హలఖ్ బసదోత్’ (అతడు పొలాల్లో నడిచాడు) నాటకాన్ని ప్రదర్శించింది. అందులో యువకులు తాము బయట మాట్లాడుకునే తీరులోనే వేదిక మీద మాట్లాడారు. ప్రేక్షకులు అందులో తమ గొంతులను పోల్చుకున్నారు.

కవిత్వంలో చిక్కు ఇంకా లోతైనది. ఆధునిక హీబ్రూకు మహాకవిగా గౌరవించే బియాలిక్ (1873-1934) తన కవితల్లో చాలా భాగం తూర్పు యూరప్ ఊనికతో రాశాడు. చివరి అక్షరానికి ముందున్న అక్షరం మీద నొక్కు పడుతుందని లెక్కవేసి లయ కట్టాడు. ఈనాటి లాంఛన ఉచ్చారణతో చదివితే నొక్కు చివరికి జారిపోతుంది, నడక తెగిపోతుంది. ఛందోబద్ధమైన పద్యంలో యతి, గణాలు తప్పితే మీ చెవికి ఎలా ఉంటుందో ఊహించండి. కవి బతికి ఉండగానే ఈ మార్పు జరిగింది. 1924లో అతను టెల్ అవీవ్‌కు వచ్చేసరికి పిల్లలు వేరే ఊనికతో మాట్లాడుతున్నారు. అతనికంటే చిన్నదైన కవయిత్రి రాహేల్ (1890-1931) వారి పలుకులో రాసింది. ఆమె కవితలు ఈనాటికీ లయ చెడకుండా నోటికి వస్తాయి. బియాలిక్ కవితలను సరైన లయతో చదవాలంటే ఈనాటి పాఠశాల తప్పు అని చెప్పే ఊనికతో చదవాలి. బాణీ కట్టిన అతని గేయాల్లో మాత్రం పిల్లలు ఇప్పటికీ ఆ పాత ఊనికనే పాడతారు. బాణీ వారి నోటిని అలా మలుపుతుంది.

అయితే లాంఛన ఉచ్చారణ పనికిరానిదా? అలా అనడం తొందరపాటు. ప్రాచీన గ్రంథాన్ని పఠించేవారికి, పాత కవిత్వం చదివేవారికి, వేర్వేరు యాసల వారికి ఒకే వార్త వినిపించవలసినవారికి అది అవసరం. అభ్యంతరం దాని ఉనికి మీద కాదు. ఉద్యోగానికో, తరగతిలో మార్కులకో, మనిషి తెలివికో దాన్ని తూనికరాయిగా వాడడం మీద. తెలంగాణ జిల్లాల నుంచి వెళ్లి ఇజ్రాయెల్‌లో వృద్ధుల ఇళ్లలో సంరక్షకులుగా పనిచేస్తున్నవారు హీబ్రూను ఎక్కువగా చెవితోనే నేర్చుకుంటారు. వారికి ‘బెక్ఫార్ సబా’ అన్నదే హీబ్రూ. ఆ మాటతోనే వారు బస్సు ఎక్కుతారు, మందుల దుకాణానికి వెళ్తారు, పెద్దవారికి ధైర్యం చెబుతారు.

అభ్యాసం

వీలైతే హీబ్రూ రేడియో ప్రసారం ఒకటి ఇంటర్నెట్‌లో వినండి. భాష అర్థం కానవసరం లేదు. ముందు వార్తలు, తరువాత ఎవరితోనైనా జరిపిన సంభాషణ వినండి. ఊళ్ల పేర్ల ముందు ‘బి’, ‘లి’ వినిపిస్తున్నాయా, ‘బె’, ‘లె’ వినిపిస్తున్నాయా? రేఫ నాలుక కొనతో పలుకుతున్నారా, గొంతులో పలుకుతున్నారా? సంభాషణలో ‘అని’ తరువాత వచ్చే యకారాన్ని పట్టుకోగలరేమో ప్రయత్నించండి. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో ఒక పుట రాసి సంప్రదింపు తరగతికి తీసుకురండి. ఏది తప్పు, ఏది ఒప్పు అని మాత్రం పక్కన రాయకండి.